బైబిలు కార్డుల ఆటలో 'జనము' గడి ఎలా నింపాలి? రూతు, ఊరియా, ఓబేదెదోము దగ్గర చిక్కు

గురిగింజ66:

అందరికీ వందనాలు. సండే స్కూలు పెద్ద పిల్లల కోసం (10 ఏళ్లు పైబడినవాళ్లు) తెలుగులో ఒక కార్డుల ఆట తయారవుతోంది. నడక అంతా 1995లో కాక్టస్ గేమ్ డిజైన్ వాళ్లు తెచ్చిన రిడెంప్షన్ ఆట లాంటిదే. మంచి పాత్రలు తప్పిపోయిన ఆత్మల్ని విడిపించడానికి వెళ్తారు, చెడ్డ పాత్రలు అడ్డుకుంటారు, ముందుగా 5 ఆత్మల్ని విడిపించినవాళ్లు గెలుస్తారు. మొత్తం 120 పాత్రలు. ఒక్కొక్కరి కట్టలో 50 కార్డులు, మొదట చేతికి 8.

ప్రతి పాత్ర కార్డు మీద కింద ఒక గడిలో జనము పేరు ఉంటుంది. "ఫిలిష్తీయులందరి బలం 2 తగ్గుతుంది" లాంటి శక్తులు ఆ గడిని బట్టే పనిచేస్తాయి. కాబట్టి అది అలంకారం కాదు, గెలుపోటములు దాని మీదే ఆధారపడతాయి. 90 దాకా సులువుగానే తేలాయి. మిగిలినవాటి దగ్గర ఒక్కొక్కరు ఒక్కో మాట అంటున్నారు:

రూతు మోయాబా, ఇశ్రాయేలా? హిత్తీయుడైన ఊరియా దావీదు సైన్యంలో ఉన్నాడు కదా, ఏం రాయాలి? కాలేబుని కెనెజీయుడు అన్నారు, అంటే ఎదోమా? గిత్తీయుడైన ఓబేదెదోము ఫిలిష్తీయుడా, లేవీయుడా? దెలీలా? హామాను? పౌలుకి రోమా అని రాయవచ్చా? హేరోదుకి?

ఒక్కో పేరుకీ జవాబు కంటే, మిగతావాటికి కూడా పనికొచ్చే పద్ధతి చెబితే ఎక్కువ మేలు.


పాతరాతలు:

బ్రదర్, ఒకే గడిలో మూడు వేర్వేరు సంగతుల్ని ఇరికించడం వల్ల ఈ చిక్కంతా వచ్చింది. మనిషి ఏ జనంలో పుట్టాడు, ఏ ఊరివాడు, ఎవరి కొలువులో ఉన్నాడు. ఈ మూడూ ఒకటి కావు. మీ పట్టికలో జనము, ఊరు, కొలువు అని మూడు గడులు పెట్టండి. నాలుగోది 'ఆధారం'. అందులో వచనం సంఖ్య రాయండి, పక్కన మూడింటిలో ఒక గుర్తు: వాక్యం నేరుగా చెప్పింది, వాక్యం నుంచి ఊహించాం, బయటి చరిత్ర చెప్పింది. కార్డు మీద మాత్రం జనము, కొలువు రెండే అచ్చు వేయండి. ఊరు పేరు పాత్ర పేరులో ఎలాగూ వచ్చేస్తుంది.

ఈ జల్లెడలో పడితే సగం పేర్లు వాటంతటవే తేలిపోతాయి.

ఊరియా: జనము హిత్తు, కొలువు ఇశ్రాయేలు. 2 సమూయేలు 11:3 అతన్ని హిత్తీయుడంటుంది, 23:39 దావీదు పరాక్రమశాలుల జాబితాలో చివరి పేరుగా రాస్తుంది. ఊరియా అనే పేరు యెహోవా పేరుతో కట్టిన హెబ్రీ పేరే. అయినా వాక్యం హిత్తీయుడనే పిలుస్తూ వచ్చింది. మనమూ అలాగే ఉంచాలి.

దోయేగు: జనము ఎదోము (1 సమూయేలు 21:7), కొలువు ఇశ్రాయేలు, ఎందుకంటే అతను సౌలు పశువుల కాపరులకు పెద్ద. 85 మంది యాజకుల్ని చంపింది అతనే. ఊరియా మంచి పాత్ర, దోయేగు చెడ్డ పాత్ర, ఇద్దరూ పరజనులే, ఇద్దరిదీ ఇశ్రాయేలు కొలువే. మంచిచెడ్డలు జనాన్ని బట్టి ఉండవని పిల్లలకి ఈ రెండు కార్డులు పక్కపక్కన పెడితే చాలు, తెలుస్తుంది. అందుకే దయచేసి జనానికి ఒక రంగు, చెడ్డకి అదే రంగు అని కలపకండి. మంచి చెడ్డ గుర్తు కార్డు పైన, జనము కింద.

ఇత్తయి: 2 సమూయేలు 15లో గాతు నుంచి వచ్చిన 600 మందితో దావీదు వెంట నడిచినవాడు. దావీదే అతన్ని పరదేశి అంటాడు. 18:2లో సైన్యంలో మూడో భాగం అతని చేతికి ఇచ్చాడు. జనము ఫిలిష్తీ (ఊహించాం అని గుర్తు పెట్టండి, వాక్యం గాతు వాడనే అంటుంది), కొలువు ఇశ్రాయేలు.

దెలీలాను అందరూ ఫిలిష్తీయురాలు అనేస్తారు. న్యాయాధిపతులు 16:4 చూడండి, శోరేకు లోయలో ఉన్న స్త్రీ అని మాత్రమే ఉంది. ఫిలిష్తీయుల సర్దారులు ఒక్కొక్కరు 1100 వెండి నాణెములు ఇస్తామన్నారు, అంతే. కాబట్టి జనము గడి ఖాళీ, కొలువు ఫిలిష్తీ. సమ్సోను తిమ్నాతులో పెళ్లాడిన ఆమె సంగతి వేరు, ఆమెను 14:1, 2 ఫిలిష్తీయుల కుమార్తె అని నేరుగా అంటాయి.

సీసెరా కూడా ఇంతే. హాసోరులో ఏలిన కనాను రాజు యాబీను సేనాధిపతి. అతని జనం పేరు ఎక్కడా లేదు. కొలువు కనాను. అతన్ని చంపిన యాయేలు విషయంలో వాక్యం చెప్పేది భర్త హెబెరు కేనీయుడని. ఆమె పుట్టిల్లు చెప్పలేదు. భార్యకి భర్త జనం రాస్తారా లేదా అన్నది ఒక నియమంగా ముందే తేల్చుకోండి. తేల్చకపోతే రేపు ఊరియా భార్య బత్షెబకి హిత్తు అని రాయాల్సి వస్తుంది. ఖాళీ వదలడమే మేలని నేనంటాను.

బిలాముకి మోయాబు అని రాసే పొరపాటు చాలా చోట్ల కనిపిస్తుంది. బాలాకు పిలిపించాడు కాబట్టి అలా అనుకుంటారు. సంఖ్యాకాండము 23:7లో బిలామే తనని అరాము నుంచి రప్పించారని చెప్తాడు. జనము అరాము, కొలువు మోయాబు.

ఖాళీ గడిని చూసి భయపడొద్దు. ఆదాము, హనోకు, నోవహు, మెల్కీసెదెకు కార్డుల్లో జనము ఉండకూడదు. అబ్రాహాముకి 'హెబ్రీ' రాయవచ్చు, ఆదికాండము 14:13 ఆ మాట వాడింది. ఇశ్రాయేలు అనే పేరు యాకోబుకి 32:28లో వచ్చింది కాబట్టి ఆ ముద్ర అతని దగ్గర్నుంచే మొదలవ్వాలి. ఇస్సాకుకి ఇశ్రాయేలు అని రాస్తే, అదే లెక్కన ఇష్మాయేలుకీ ఏశావుకీ ఎందుకు రాయలేదని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా.


మూడోవరస:

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. రూతు గురించి చెప్పలేదు, అది నేను తీసుకుంటాను.

"నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అని 1:16లో అన్నాక ఇశ్రాయేలు అయిపోయినట్టే అని వాదించేవాళ్లుంటారు. కానీ ఆ మాట తర్వాతే గ్రంథం ఆమెను మోయాబీయురాలైన రూతు అని ఐదుసార్లు పిలిచింది: 1:22, 2:2, 2:21, 4:5, 4:10. పెళ్లి జరిగిన 4:13లో మాత్రం ఉత్త రూతు. రాసినాయన ఊరికే అలా రాశాడని నేననుకోను. కాబట్టి రెండు కార్డులు చేయండి. "పరిగె ఏరుకొన్న రూతు" కార్డుకి జనము మోయాబు. "బోయజు భార్య రూతు" కార్డుకి జనము మోయాబు, కొలువు గడిలో ఇశ్రాయేలు. ఒకే వ్యక్తి కార్డులు రెండూ ఒకేసారి బల్ల మీద ఉండకూడదని నియమాల కాగితంలో ఒక వాక్యం తప్పనిసరి. లేకపోతే ఒక పిల్లవాడు రూతుతో రూతుకి సాయం చేయిస్తాడు.

ఆటలో ఏం జరుగుతుందో కూడా చూసుకోండి. "మోయాబీయులందరినీ పక్కన పెట్టు" అనే శక్తి ఎగ్లోను, బాలాకుల కోసం రాసి ఉంటారు. అది రూతుని కూడా పట్టుకుంటుంది. దానికోసం రూతు ముద్ర మార్చేయడం తప్పు మందు. శక్తి వాక్యాన్ని "మోయాబు ముద్ర ఉన్న చెడ్డ పాత్రలు" అని సరిచేయండి. ముద్ర వాక్యాన్ని బట్టి ఉండాలి, ఆట సమతూకం శక్తి రాతలో చూసుకోవాలి. ఈ రెంటినీ కలిపితే కార్డు మీద అబద్ధం అచ్చవుతుంది.

ఇంకోటి. 120 పాత్రల్లో ఇశ్రాయేలు 70 ఉంటే "ఇశ్రాయేలీయులందరికీ బలం" అనే శక్తి మరీ ఎక్కువైపోతుంది. అటువైపు, కట్టలో రెండే కార్డులున్న ముద్రకి శక్తి రాస్తే అది చచ్చిన శక్తి. లెక్క వేసి చూడండి: 50 కార్డుల కట్టలో ఆ ముద్రవి 2 ఉంటే, మొదటి 8 కార్డుల్లో కనీసం ఒకటి రావడానికి అవకాశం సుమారు 30 శాతం. 5 ఉంటే సుమారు 60 శాతం. కాబట్టి 120లో ఐదుకి తక్కువ ఉన్న జనాన్ని కార్డు మీద అచ్చు వేయండి గానీ ఏ శక్తిలోనూ దాని పేరెత్తకండి. ఇశ్రాయేలుని గోత్రంతో విడగొట్టండి: ఇశ్రాయేలు–లేవి, ఇశ్రాయేలు–యూదా, ఇశ్రాయేలు–బెన్యామీను. శక్తులు గోత్రం మీద రాయండి.

కనాను జనాలకి గొడుగు ముద్ర కావాలి. ద్వితీయోపదేశకాండము 7:1లో ఏడు పేర్లున్నాయి: హిత్తీయులు, గిర్గాషీయులు, అమోరీయులు, కనానీయులు, పెరిజ్జీయులు, హివ్వీయులు, యెబూసీయులు. విడివిడిగా ఒక్కో జనానికి రెండు మూడు పాత్రలు కూడా దొరకవు. "కనాను–హిత్తు", "కనాను–యెబూసు" అని జంటగా రాస్తే ఊరియా, ఎఫ్రోను, అరౌనా అంతా ఒక గొడుగు కిందికి వస్తారు. ఆదికాండము 10:15లో హేతు కనాను కుమారుడే కాబట్టి దీనికి ఆధారం ఉంది. గొడుగు లేకపోతే గిబియోనీయుల దగ్గర ఇరుక్కుంటారు. యెహోషువ 11:19 వాళ్లని హివ్వీయులంటుంది, 2 సమూయేలు 21:2 అమోరీయులలో శేషించినవారంటుంది.


ఎర్రపెన్సిలు:

కాలేబు గురించి. కెనెజు అనే పేరు ఆదికాండము 36:11లో ఏశావు మనవల్లో ఉంది. యెహోషువ 14:6, 14 కాలేబు తండ్రి యెఫున్నెని కెనెజీయుడంటాయి. ఈ రెండూ కలిపి ఎదోము అని రాస్తే అది మన కూడిక, వాక్యం కాదు. సంఖ్యాకాండము 13:6 అతన్ని యూదా గోత్రం తరఫున పంపినవాడంటుంది. కాబట్టి "ఇశ్రాయేలు–యూదా" అని రాసి, కెనెజీయుడన్న మాట పేరు కింద చిన్న అక్షరాలతో వేయండి.

ఓబేదెదోము నిజంగా చిక్కే. గిత్తీయుడంటే గాతు వాడని అనుకుంటాం, ఇత్తయి విషయంలో అదే సరి కూడా. కానీ గాతు అనే మాటతో ఒకటి కంటే ఎక్కువ ఊళ్లున్నాయి. యెహోషువ 21:24లో కహాతీయులకు ఇచ్చిన లేవీయుల పట్టణాల్లో గత్రిమ్మోను ఉంది. ఇక 1 దినవృత్తాంతములు 26వ అధ్యాయం ద్వారపాలకుల జాబితాలో ఓబేదెదోము ఉన్నాడు, 5వ వచనంలో దేవుడు అతన్ని ఆశీర్వదించాడని ఉంది, 8వ వచనంలో అతని సంతతి 62 మంది. మందసం 3 నెలలు తన ఇంట్లో ఉన్నప్పుడు వచ్చిన ఆశీర్వాదాన్నే (2 సమూయేలు 6:11) అది గుర్తు చేస్తోందని నాకనిపిస్తుంది. ఆ జాబితాలో కనిపించే కోరహు వంశం కహాతు వంశంలోదే, గత్రిమ్మోను కహాతీయులకే ఇచ్చారు. అన్నీ ఒకదానికొకటి అతుకుతున్నాయి. నేనైతే ఇశ్రాయేలు–లేవి అని రాసి, ఆధారం గడిలో 'ఊహించాం' అని పెడతాను. ఫిలిష్తీ అని రాయాలనుకునేవాళ్ల దగ్గరా బలం ఉంది, ఎందుకంటే గిత్తీయుడన్న మాట మిగతా చోట్లంతా గాతు వాళ్లకే వాడారు. ఏది రాసినా కారణం వివరించే ఒక వాక్యం టీచరు కాగితంలో ఉండాలి.

హామాను: ఎస్తేరు 3:1 అగాగీయుడంటుంది. అమాలేకు అని గ్రంథంలో ఎక్కడా లేదు. 1 సమూయేలు 15లో అమాలేకు రాజు అగగు కాబట్టి మనం కలుపుతాం. యూదు చరిత్రకారుడు యోసేపస్ హామానుని అమాలేకీయుడనే రాశాడు. కాబట్టి "అమాలేకు", గుర్తు 'ఊహించాం', కొలువు పారసీకం. అదే గ్రంథంలో మొర్దెకైని చూడండి, 2:5లో ఒకే వచనంలో యూదుడు, బెన్యామీనీయుడు రెండూ. చెర తర్వాత యూదుడన్నది గోత్రం పేరు కాదు, మొత్తం జనం పేరైపోయింది. పట్టికలో 'యూదా' (గోత్రం), 'యూదులు' (జనం) అని రెండు మాటలు వేరుగా పెట్టుకోకపోతే మొర్దెకైకి యూదా గోత్రం శక్తులు తగిలేస్తాయి.

కొత్త నిబంధనలో ఇంకో పొర ఉంది, పౌరసత్వం. పౌలు బెన్యామీను గోత్రీకుడు (ఫిలిప్పీయులకు 3:5), తార్సు ఊరివాడు, పుట్టుకతోనే రోమా పౌరుడు (అపొస్తలుల కార్యములు 22:28). జనము: యూదులు–బెన్యామీను. రోమా అని జనము గడిలో రాస్తే పిలాతు మీద వేసిన కార్డు పౌలుకీ తగులుతుంది. సీలకి కూడా రోమా పౌరసత్వం ఉంది, 16:37. చిన్న బొమ్మ ఒకటి గీసి 'పౌరుడు' అని పెట్టండి. తుఫాను, చెరసాల లాంటి కార్డుల్లో "పౌరుడైతే కైసరుకి మనవి చేసుకోవచ్చు" అని మంచి శక్తులు వస్తాయి.

అకుల: పొంతు వంశీయుడు, కానీ యూదుడని అపొస్తలుల కార్యములు 18:2 చెప్తుంది. అపొల్లో అలెక్సంద్రియవాడు, యూదుడు. బర్నబా కుప్రలో పుట్టిన లేవీయుడు. ముగ్గురికీ ఊరు వేరు, జనం ఒకటే. తిమోతికి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు (16:1), రెండు ముద్రలూ వేయండి. తీతుకి గ్రీసు ఒక్కటే, గలతీయులకు 2:3. నీకొలాసు అంతియొకయవాడు, మతప్రవిష్టుడు, అంటే యూదు మతంలో చేరినవాడు (అపొస్తలుల కార్యములు 6:5). ఈ మతప్రవిష్టుడన్న మాటను మీ ఆటలో ఒక ముద్రగా వాడుకోండి, తెలుగు బైబిలులో సిద్ధంగా ఉంది. కురేనీయుడైన సీమోనుకి జనము ఖాళీ. కురేనే ఊరు, అక్కడ యూదులు కూడా ఉండేవారు. కొర్నేలి ఇటలీ పటాలంలో శతాధిపతి, కొలువు రోమా. అన్యజాతివాడని వాక్యం చెప్పింది, ఏ జాతో చెప్పలేదు.

హేరోదు ఒకడు కాదు. మత్తయి 2లో పసిపిల్లల్ని చంపించినవాడు మహా హేరోదు. యోహాను తల తీయించినవాడు, యేసుని విచారించినవాడు అంతిప. అపొస్తలుల కార్యములు 12లో యాకోబుని చంపించినవాడు మొదటి అగ్రిప్ప. 25, 26 అధ్యాయాల్లో పౌలు మాట విన్నవాడు రెండో అగ్రిప్ప. నాలుగు కార్డులు, నాలుగు పేర్లు. మహా హేరోదు తండ్రి అంతిపత్రు ఇదూమయవాడు, అంటే ఎదోము వంశం. ఇది యోసేపస్ చెప్పింది, బైబిలు కాదు. అందుకే 'బయటి చరిత్ర' గుర్తు. కొలువు రోమా.


ఒత్తులూగుడులూ:

అచ్చులో వచ్చే తెలుగు చిక్కులు చెప్తాను, ఇవి ఎవరూ ముందుగా చూసుకోరు.

ముద్రని ఎప్పుడూ మనిషి మాటగా రాయకండి. మోయాబీయుడు, మోయాబీయురాలు, మోయాబీయులు అని మూడు రూపాలైతే "మోయాబీయుడు" అన్న శక్తి రూతుకి తగులుతుందా లేదా అని పిల్లలు పోట్లాడుకుంటారు. ముద్ర 'మోయాబు', అంతే. శక్తి "మోయాబు ముద్ర ఉన్న కార్డు" అనాలి. ఫిలిష్తీ, ఎదోము, ఐగుప్తు, అష్షూరు, బబులోను, పారసీకం, రోమా, గ్రీసు, అన్నీ ఇలాగే.

పాత అనువాదంలో ఒకే జనానికి రెండు పేర్లున్న చోట ఒకదాన్ని ఖాయం చేసుకోండి. నయమాను సిరియా సేనాధిపతి, బిలాము అరాము వాడు. రెండూ ఒకటే, ముద్ర 'అరాము' అని పెట్టండి. ఎబెద్మెలెకు కూషీయుడు (యిర్మీయా 38:7), అపొస్తలుల కార్యములు 8:27లో నపుంసకుడు ఐతియొపీయుడు. ఇద్దరూ ఐగుప్తుకి దక్షిణాన నైలు ఒడ్డున ఉన్న దేశంవాళ్లే, ఇప్పటి సూడాన్ వైపు. ముద్ర 'కూషు'. ఇప్పటి ఇథియోపియా జెండా బొమ్మ ఎవరైనా వేస్తే తీసేయించండి. ఏ కార్డు మీదా ఇప్పటి జెండాలు వద్దు.

సురోఫెనికయ స్త్రీకి ఒకే మనిషి మీద మూడు మాటలున్నాయి. మత్తయి 15:22 కనాను స్త్రీ అంటుంది. మార్కు 7:26 గ్రీసు దేశస్థురాలు, సురోఫెనికయ వంశం అంటుంది. ముద్ర 'కనాను' చాలు. ఇక్కడ గ్రీసు అన్నది యూదురాలు కాదన్న అర్థంలో, గ్రీసులో పుట్టిందని కాదు. తీతు పక్కన ఆమెను పెట్టకండి.

కార్డు 63 x 88 మిల్లీమీటర్లైతే ఏ4 కాగితం మీద 9 వస్తాయి. ముద్ర గడి అక్షరాలు 8 పాయింట్లకి తగ్గితే ఒత్తులు కలిసిపోతాయి. 'ఫిలిష్తీ'లో ష్తీ, 'హిత్తు'లో త్తు ముందు నలుపు తెలుపులో ఒక షీటు తీసి చూడండి. జంట ముద్రలు రెండు వరుసల్లో రాయండి, గీత పెట్టి ఒకే వరుసలో ఇరికిస్తే 'ఇశ్రాయేలు–బెన్యామీను' పట్టదు.


గురిగింజ66:

చాలా మేలు చేశారు. జనము, కొలువు రెండు గడులు ఖాయం. ఆధారం గుర్తులు టీచరు కాగితంలో పెడతాం. ఇంకో రెండే మిగిలాయి. అమాశా తండ్రి ఒక చోట ఇశ్రాయేలీయుడు, ఇంకో చోట ఇష్మాయేలీయుడు. తూరు హీరాము తల్లి ఒక చోట నఫ్తాలి, ఇంకో చోట దాను. వీటికేం చేయాలి?


పాతరాతలు:

అమాశా తండ్రి: 2 సమూయేలు 17:25 ఇశ్రాయేలీయుడు, 1 దినవృత్తాంతములు 2:17 ఇష్మాయేలీయుడు. హెబ్రీలో ఈ రెండు మాటలూ దగ్గర దగ్గరగా ఉంటాయి. మామూలుగా ఇశ్రాయేలు దేశంలో ఇశ్రాయేలీయుడని ఎవరూ ప్రత్యేకించి చెప్పరు కాబట్టి రెండోదే సరైనదని చాలామంది అనుకుంటారు. అమాశా కార్డు వరకు చిక్కు లేదు. తల్లి అబీగయీలు దావీదు అక్కచెల్లెళ్లలో ఒకతె, కొలువు మొదట అబ్షాలోము, తర్వాత దావీదు. జనము ఇశ్రాయేలు–యూదా, తల్లి వైపు నుంచి, 'ఊహించాం'.

హీరాముల్లో ఇద్దరున్నారు, కలిపేయకండి. ఒకరు తూరు రాజు. ఇంకొకరు ఇత్తడి పనివాడు. 1 రాజులు 7:14 తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలంటుంది, 2 దినవృత్తాంతములు 2:14 దాను అంటుంది. తండ్రి తూరు వాడని రెండూ ఒప్పుకుంటాయి. పనివాడి కార్డుకి తిమోతి పద్ధతే: 'తూరు', 'ఇశ్రాయేలు' రెండు ముద్రలు. గోత్రం రాయకండి, టీచరు కాగితంలో రెండు వచనాలూ ఇవ్వండి. రాజు కార్డుకి 'తూరు' ఒక్కటే. సీదోనీయుల రాజైన ఎత్బయలు కుమార్తె యెజెబెలుకి (1 రాజులు 16:31) 'సీదోను' అని రాశారో లేదో చూసుకోండి. ఈ తీరపు పాత్రలు ఐదు దాటితే 'తూరు–సీదోను' అని వీళ్లకీ ఒక గొడుగు పెట్టవచ్చు.